ఇంజన్ చెప్పేది వినండి... గేరు మీరే మార్చండి!

"ఇంకా సెకండ్‌లోనే ఉన్నావేంటి? మార్చు... మార్చు!"

కారు నేర్చుకున్న ఆడవాళ్ళలో ఈ మాట వినని వాళ్ళు అరుదు. స్టీరింగ్ మన చేతిలోనే ఉంటుంది. క్లచ్చీ బ్రేకూ మన కాళ్ళ కిందే ఉంటాయి. గేరు మాత్రం పక్క సీట్లో కూర్చున్న వారి నోట్లో ఉంటుంది! ఆయన కావచ్చు, అన్నయ్య కావచ్చు, ఇంకా లైసెన్సు వయసు రాని పుత్రరత్నం కావచ్చు. ఎవరైనా సరే, గేరెప్పుడు మార్చాలో మనకన్నా తమకే బాగా తెలుసని వాళ్ళ గట్టి నమ్మకం.

మనమేమో డ్రైవింగ్ స్కూల్లో చెప్పిన లెక్క బట్టీ పట్టి ఉంటాం. ఇరవైకి సెకండ్, ముప్పైకి థర్డ్, నలభై దాటితే ఫోర్త్... ఎక్కాల పుస్తకంలా! గ్రౌండులో నేర్చుకునేటప్పుడు ఆ లెక్క చాలు. కానీ జనవరి తర్వాత గుంటూరు మిర్చి యార్డు వైపు వచ్చే దారుల్లో, టిక్కీలు ఎత్తుగా పేర్చుకున్న లారీ ముందు వెళుతుంటే ఆ ఎక్కం పని చేయదు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడూ పని చేయదు. ఎందుకంటే గేరు మార్చాల్సింది స్పీడు ముల్లును చూసి మాత్రమే కాదు, బండితో మనం చేయించబోయే పనిని చూసి.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసిన వాళ్ళు రేసు కార్లు నడిపేవాళ్ళు. గేరు ఏ క్షణంలో మార్చాలన్నది వాళ్ళకు గెలుపు ఓటముల లెక్క. మనకు రేసులతో పని లేకపోవచ్చు. ఆ లెక్కతో మాత్రం చాలా పని ఉంది.

రుబ్బురోలు చెప్పే పాఠం

గేరు గురించి చెప్పే పుస్తకాల్లో 'టార్క్', 'పవర్', 'ఆర్‌.పి.ఎం.' అనే మూడు మాటలు తగులుతాయి. వాటిని చూసి భయపడనక్కర్లేదు. రుబ్బురోలు తెలిసిన వాళ్ళకు ఈ మూడూ తెలిసినట్టే.

పొత్రాన్ని తిప్పడానికి మన చెయ్యి పెట్టే బిగి టార్క్. నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పామన్నది ఆర్‌.పి.ఎం. ఆ రెండూ కలిస్తే ఎంత పిండి రుబ్బామన్నది పవర్. బిగి ఎంత ఉన్నా చుట్లు తక్కువైతే పిండి కాదు. మరీ గబగబా తిప్పబోతే చేతిలో బిగి తగ్గిపోతుంది. రెండూ బాగా కలిసి వచ్చే వేగం ఒకటి ఉంటుంది. ఇంజన్‌కీ అంతే.

మరి గేరు ఏం చేస్తుంది? పెరట్లో బండరాయిని లేపాలంటే పొడుగాటి గునపం వాడతాం. చెయ్యి చాలా దూరం కదలాలి, రాయి కొంచెమే లేస్తుంది. కానీ లేస్తుంది! ఫస్ట్ గేరు అలాంటి పొడుగాటి గునపం. ఇంజన్ చాలా చుట్లు తిరుగుతుంది, చక్రం కొంచెమే తిరుగుతుంది, కానీ బలంగా తిరుగుతుంది. పై గేర్లకు వెళ్ళేకొద్దీ గునపం పొట్టిదవుతూ వస్తుంది. చక్రం వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. అందుకే టాప్ గేరులో బండి హాయిగా పరుగెత్తుతుంది గానీ, హఠాత్తుగా లాగమంటే లాగలేదు.

రేసు వాళ్ళు ఎప్పుడు మారుస్తారు?

పోర్షే 911 జీటీ3 అనే స్పోర్ట్స్ కారు ఉంది. 2021లో వచ్చిన మోడల్ తీసుకుంటే, దాని ఇంజన్ బిగి 6100 చుట్ల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. పవర్ అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది 8400 దగ్గర. ఎర్రగీత 9000 దగ్గర. అంతకు మించి తిప్పకూడదని ఆ గీత అర్థం.

బిగి 6100 దగ్గరే ఎక్కువ కదా, అక్కడే గేరు మార్చేస్తే పోలా అనిపిస్తుంది. రేసులో అలా మార్చరు. దాదాపు ఎర్రగీత దాకా లాగి మారుస్తారు. ఎందుకో మన ఇళ్ళ ముందుండే చిన్న పెట్రోలు కారు లెక్కతో చూద్దాం. సులువు కోసం అంకెల్ని కాస్త గుండ్రం చేస్తున్నాను.

ఆ కారు ఇంజన్ 4200 చుట్ల దగ్గర 113 న్యూటన్ మీటర్ల బిగి ఇస్తుందనుకుందాం. 6000 దగ్గరకు వచ్చేసరికి అది 105కు తగ్గుతుంది. సెకండ్ గేరు ఆ బిగిని రెండింతలు చేస్తుంది. థర్డ్ గేరు 1.4 రెట్లే చేస్తుంది. సెకండ్‌లో 6000 దాకా వచ్చి థర్డ్‌లోకి మారిస్తే ఇంజన్ చుట్లు 4200కు పడిపోతాయి. అంటే సరిగ్గా బిగి బాగా ఉన్న చోటికే వచ్చాం. అయినా లాభం లేదు! సెకండ్‌లో చక్రం వైపు వెళ్ళే బలం 105ను రెండుతో గుణిస్తే 210. థర్డ్‌లో 113ను 1.4తో గుణిస్తే 158. ఇంజన్ బిగి తగ్గినా సెకండ్ గేరులోనే ఎక్కువ లాగుతోందన్న మాట. గునపం పొడుగు ఆ తేడాను పూడ్చేసింది.

రేసు వాళ్ళ సూత్రం ఇదే. ఇప్పుడున్న గేరులో చక్రానికి అందే బలం, మార్చాక తర్వాతి గేరులో అందే బలం... రెండూ సమానమయ్యే చోట మార్చాలి. అంతకు ముందు మార్చితే బలం వృథా, ఆ తర్వాత మార్చితే కాలం వృథా. చాలా కార్లలో ఆ చోటు పవర్ గరిష్ఠమయ్యే చోటు దాటాక, ఎర్రగీతకు దగ్గరగా వస్తుంది. ఒక్కో గేరుకు ఒక్కో రకంగానూ ఉంటుంది.

రేసులో గేరు మార్చే ఆ రెప్పపాటు కాలాన్ని కూడా తగ్గించాలని ఇంజనీర్లు ఎన్నో తంటాలు పడ్డారు. 1989లో ఫెరారీ వాళ్ళు ఫార్ములా వన్ కారుకు స్టీరింగ్ వెనకే గేరు మీటలు పెట్టారు. చెయ్యి స్టీరింగ్ వదలకుండా వేలితో నొక్కితే చాలు. ఆ కారు మొదటి పందెంలోనే, బ్రెజిల్‌లో గెలిచింది.

ఇదంతా ట్రాక్ మీద మాట. మన మిర్చి లారీలు ఒంగోలు, నెల్లూరు, సూళ్ళూరుపేట మీదుగా మద్రాసు వెళ్ళే దారిలోనే షోలవరం ఉంది. అక్కడి పాత విమానాల రన్‌వే మీద ఒకప్పుడు కారు పందేలు జరిగేవి. తర్వాత 1990లో ఇరుంగాట్టుకోట్టైలో దానికోసమే ట్రాక్ కట్టారు. ఎర్రగీత దాకా లాగే సరదా ఎవరికైనా ఉంటే దాని చోటు అలాంటి ట్రాకే గానీ, గుంటూరు బ్రాడీపేట కాదు!

మిర్చి లారీని దాటాలంటే

పల్నాటి నుంచి ఒంగోలు దాకా మన నేల చాలా చోట్ల చాప పరిచినట్టు ఉంటుంది. నల్లరేగడి చేల మధ్య తిన్నటి రోడ్డు. ఒకసారి టాప్ గేరు వేస్తే ఊరొచ్చేదాకా తీసే పని ఉండదు. అందుకే గేరు విలువ మనకు రోజూ తెలియదు. అవసరమైన రోజున హఠాత్తుగా తెలుస్తుంది. రెండు వైపులా బళ్ళు నడిచే సన్నరోడ్డు మీద, పొట్ట ఉబ్బిన పత్తి లారీ వెనక చిక్కుకున్న రోజున!

లారీ యాభైలో వెళుతోంది. మనమూ దాని వెనక యాభైలోనే, ఫిఫ్త్ గేరులో ఉన్నాం. చిన్న పెట్రోలు కారులో అప్పుడు ఇంజన్ చుట్లు సుమారు 1500. అదే యాభైలో థర్డ్ వేస్తే సుమారు 2500. సెకండ్ వేస్తే 3700 దాకా. ఫిఫ్త్‌లో ఎంత గట్టిగా తొక్కినా ఇంజన్ ఇవ్వగలిగిన పవర్ ఒక వంతయితే, థర్డ్‌లో దానికి దాదాపు రెట్టింపు వస్తుంది.

ఇప్పుడు ప్రాణం మీదకొచ్చే లెక్క చూడండి. లారీ పొడుగు, ముందూ వెనకా వదలాల్సిన జాగా కలిపి దానికన్నా మనం నలభై మీటర్లు ఎక్కువ వెళ్ళాలనుకుందాం. ఫిఫ్త్‌లోనే తొక్కితే బండి మెల్లగా పుంజుకుంటుంది. లారీ కన్నా సగటున పది కిలోమీటర్ల వేగమే ఎక్కువ వచ్చిందనుకుంటే, దాటడానికి పద్నాలుగు సెకన్లు పైన పడుతుంది. ఆ లోపు మనం 240 మీటర్లు వెళతాం. ఎదురుగా అరవైలో వచ్చే బండి ఇంకో 240 మీటర్లు వచ్చేస్తుంది. మొత్తం 480 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి.

థర్డ్ వేసి లాగితే, సగటున ఇరవై కిలోమీటర్లు ఎక్కువ వచ్చిందనుకుంటే, ఏడు సెకన్లలో పని అయిపోతుంది. మనం 140, ఎదుటి బండి 120, మొత్తం 260 మీటర్లు. కరెంటు స్తంభాల మధ్య దూరం యాభై మీటర్లనుకుంటే, మొదటి లెక్కలో పది స్తంభాల దూరం కావాలి, రెండో లెక్కలో ఐదారు చాలు. ఆ తేడా అంతా గేరుదే. అయితే అన్ని స్తంభాల దూరం కనబడనప్పుడు ఏ గేరూ మనల్ని కాపాడదు. లారీ వెనకే ఉండటం పిరికితనం కాదు.

ఇక దాటే పద్ధతి. లారీకి అంటుకుపోకుండా వెనక దూరం ఉంచండి. అంటుకుపోతే ముందు రోడ్డు కనబడదు. రోడ్డు ఖాళీ అని తెలిశాక, పక్కకు తియ్యకముందే గేరు తగ్గించండి. ఇంజన్ గొంతు పెరుగుతుంది. భయపడకండి, అది పనికి సిద్ధమైన గొంతు. అద్దం చూసి, సిగ్నల్ వేసి, హారన్ కొట్టి పక్కకు తీసి, సాఫీగా తొక్కండి. లారీ పక్కన ఉన్నంతసేపూ గేరు జోలికి పోకండి. సగంలో క్లచ్ తొక్కితే ఆ క్షణం బండికి లాగుడు ఉండదు. దాటి మన వైపుకు వచ్చాక తాపీగా ఫోర్త్, ఫిఫ్త్. ఇదంతా స్పీడు పరిమితి లోపల జరగాల్సిన పనేనని వేరే చెప్పనక్కర్లేదు.

డీజిల్ కార్లున్న వాళ్ళకు ఒక మాట. చాలా డీజిల్ ఇంజన్లలో బిగి అంతా 1500 నుంచి 3000 చుట్ల లోపే ఉంటుంది. పెట్రోలు కారులా పైదాకా లాగితే చప్పుడు పెరుగుతుందే గానీ లాభం ఉండదు. కాస్త ముందే మార్చాలి.

కొండ గేరు అడిగింది ఓ ఇల్లాలే

కారు కనిపెట్టింది జర్మనీకి చెందిన కార్ల్ బెంజ్ అని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. ఆ కారుని మొదటిసారి దూరప్రయాణానికి తీసుకెళ్ళింది ఆయన భార్య బెర్తా బెంజ్ అని చాలామందికి తెలియదు. 1888 ఆగస్టులో, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌కు బయలుదేరింది. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! నూరు కిలోమీటర్ల పైన దారి. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. ఇంధనం మందుల షాపులో కొన్నది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత తోలు వేయించింది.

అయితే కొండ ఎదురైన చోట బండి మొరాయించింది. ఉన్న గేర్లు చాల్లేదు. దిగి నెట్టాల్సి వచ్చింది. ఇంటికి తిరిగి వచ్చాక ఆమె భర్తకు చెప్పిన మాట... కొండ ఎక్కడానికి ఇంకో గేరు పెట్టమని. ఆయన పెట్టాడు. 'గేర్ల సంగతి ఆడవాళ్ళకేం తెలుసు' అని ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి.

ఆ దారిలో నడిచిన వాళ్ళు తర్వాతా ఉన్నారు. ఫ్రాన్సుకు చెందిన మిషెల్ మూటన్ 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ గెలిచింది. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ పోటీల్లో ఒక ర్యాలీ గెలిచిన తొలి మహిళ ఆమె.

కోటప్పకొండ మీద పాఠం

మనకు దగ్గర్లో గేరు నేర్పే మంచి గురువు కోటప్పకొండ. నరసరావుపేట దాకా చదునుగా వచ్చిన బండి అక్కడ ఒక్కసారిగా మలుపులు ఎక్కాలి. శివరాత్రి జనంలో కాదు గానీ, రద్దీ లేని ఓ ఉదయం వెళితే బాగా తెలుస్తుంది. దానికన్నా పెద్ద పరీక్ష దోర్నాల నుంచి నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్ళే ఘాట్.

ఎక్కేటప్పుడు గమనించండి. థర్డ్‌లో బండి వణుకుతూ మూలుగుతుంటే ఇంజన్ 'నా వల్ల కాదు' అంటోందన్న మాట. అప్పుడు యాక్సిలరేటర్ ఇంకా తొక్కడం కాదు, సెకండ్‌లోకి రావాలి. అదీ పూర్తిగా ఆయాసపడ్డాక కాదు, ముందే. మలుపు కనబడగానే వేగం తగ్గించి, గేరు తగ్గించి, అప్పుడు తిప్పాలి. రేసు వాళ్ళూ అంతే, బ్రేకూ గేరూ పని చాలావరకు మలుపు లోపలికి వెళ్ళకముందే ముగించుకుంటారు. మలుపు మధ్యలో గేరుతో కుస్తీ పడితే బండి తూగుతుంది.

దిగేటప్పుడు ఇంకా ముఖ్యం. ఏ గేరులో ఎక్కామో దాదాపు ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెబుతారు. అది నూటికి నూరుపాళ్ళూ నిజం. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. అదేపనిగా బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు కాలిపోతాయి, బ్రేకు ఆయిల్ మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కొంతమంది పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగుతారు. ప్రమాదమే కాదు, లెక్క కూడా తప్పు. ఇప్పటి కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే, దిగుతున్నంతసేపూ ఇంజన్‌కు పెట్రోలు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత కాలుతూనే ఉంటుంది.

గేరు తగ్గించేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. వందలో పోతూ ఫోర్త్ అనుకుని సెకండ్‌లోకి తోసి క్లచ్ వదిలితే, మన చిన్న కారు ఇంజన్ 7500 చుట్లు తిరగాలి. ఎర్రగీత దాటిపోతుంది. ఇంజన్ తనంతట తాను ఎర్రగీత దాటకుండా ఆపే ఏర్పాటు కారులో ఉంటుంది. కానీ ఇక్కడ చక్రాలే ఇంజన్‌ను బలవంతంగా తిప్పుతాయి, కాబట్టి అది కాపాడలేదు. ఇంజన్ ముక్కలయ్యే ప్రమాదం ఉంది. అందుకే దిగేది ఒక్కో మెట్టే.

గేరు లేని కాలం వచ్చేస్తోందిగా!

నిజమే. గేరు లేని స్కూటర్లు వచ్చాకే మన ఊళ్ళల్లో అమ్మాయిలు, టీచరమ్మలు, బ్యాంకు ఉద్యోగినులు ధైర్యంగా రోడ్డెక్కారు. కార్లలోనూ 2014లో సెలెరియోతో క్లచ్ లేని చవక కార్లు మొదలయ్యాయి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు అవి వరమే. అయినా ఆ కార్లలోనూ గేర్లుంటాయి. మారుస్తున్నది మనం కాదు, అంతే. దానికి కళ్ళు లేవు. ముందున్న లారీ, రాబోయే మలుపు దానికి కనబడవు. అందుకే చాలా వాటిలో మనమే మార్చుకునే ఏర్పాటు పెట్టారు. లారీ దాటే ముందు, ఘాట్ దిగే ముందు దాన్ని వాడుకోవాలి.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అన్నీ కరెంటు కార్లే. వాటికి ఒకే ఒక్క గేరు. కరెంటు మోటారు కదలక ముందు నుంచే పూర్తి బిగి ఇవ్వగలదు, కాబట్టి ఇన్ని గునపాలతో పనిలేదు. రేపు మన పిల్లలకు ఈ గొడవే ఉండకపోవచ్చు. కానీ ఈ రోజు మన వాకిట్లో ఉన్న కారుకు ఐదు గేర్లున్నాయి. దాన్ని ఐదు గేర్లతోనూ నడపాలి.

చెవి ఉంటే చాలు

చివరికి ఇదంతా అంకెల మీద ఆధారపడిన విద్యా? కాదు. నాలుగు రోజుల్లో చెవికి అలవాటవుతుంది. మిక్సీలో పప్పు సాఫీగా తిరుగుతోందో, అడుగున పట్టేసిందో హాల్లో కూర్చునే చెప్పేస్తాం. బోరు మోటారు నీళ్ళు తోడుతోందో, ఊరికే తిరుగుతోందో మంచం మీద నుంచే కనిపెడతాం. కుట్టు మిషన్‌లో దారం చిక్కుపడబోయే ముందే కాలు ఆపుతాం. ఇన్ని యంత్రాల గొంతులు గుర్తుపట్టే చెవికి కారు ఇంజన్ ఒక లెక్కా?

ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద అరగంట సాధన చేయండి. పక్కన తోడు ఉండొచ్చు, మాట మాత్రం ఉండకూడదని ముందే ఒప్పందం చేసుకోండి!

గుర్తుంచుకోండి

* మామూలుగా వెళ్ళేటప్పుడు పెట్రోలు కారులో 2000 - 2500 చుట్ల మధ్య పై గేరుకు మారిస్తే పొదుపు. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసుకుని వంతెన ఎక్కుతుంటే ఇంకాస్త ఆగి మార్చండి.

* ఇంజన్ మూలిగితే గేరు తగ్గించండి. అరుస్తూ ఉంటే, పని అయిపోయి ఉంటే పెంచండి.

* దాటే ముందు గేరు తగ్గించాలి. దాటుతుండగా కాదు.

* మలుపుకు ముందే బ్రేకు, గేరు. మలుపులో స్టీరింగ్ ఒక్కటే.

* ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు. ఎక్కే బండికి దారి ఇవ్వండి.

* గేరు మార్చాక ఎడమ కాలు క్లచ్ మీద నుంచి తీసేయండి. అక్కడే ఆనించి ఉంచితే క్లచ్ త్వరగా అరిగిపోతుంది.

* చుట్లు చూపించే ముల్లు మీ కారులో ఉంటే వారం రోజులు దాన్ని చూస్తూ శబ్దం వినండి. ఆ తర్వాత చూడాల్సిన అవసరం ఉండదు, కళ్ళు రోడ్డు మీదే ఉంచుకోవచ్చు.